బీభత్సమునకు మేర



భరతముని భయానక బీభత్సములను రసములలోఁ జేర్చెను గాని, మరణమును రంగముపైఁ బ్రత్యక్షముగాఁ జూపవలదని నియమించెను. ఆ నియమము నాకుఁ దలఁపునకు వచ్చుటకు 1980లో ఇటలీదేశమున వెలువడిన ‘కానిబాల్ హోలోకాస్ట్’ అను చలనచిత్రము కారణము. రుజ్జేరో దెయోదాతో దానిని స్వల్పవ్యయముతోఁ గొలంబియాలోని అమెజాను అడవులలోఁ దీసెను. నరమాంసభక్షకులను చిత్రింపఁబోయిన నలుగురు చచ్చిరనియు, వారి ఫిలుములు మాత్రము దొరకెననియు కథ.

నటులు కొంతకాలము లోకమునకుఁ గనఁబడరాదని ఒడంబడిక యుండుటచే, వారు నిజముగాఁ జంపఁబడిరను వదంతి పుట్టెను. మిలానులో న్యాయాధికారులు చిత్రమును జప్తు చేసిరి. దర్శకుఁడు నటులను సజీవులఁగాఁ జూపి హత్యానిందను బాపుకొనెను. కాని తాఁబేలు, కోఁతులు మొదలగువానిని నిజముగానే చంపిరి. వానిని సజీవముగాఁ జూపుట యెవ్వరికి శక్యము?

నిషేధములే దానికిఁ బ్రచారమయ్యెను. దొరకిన ఫిలుముల కథాపద్ధతిని పిమ్మట ననేకు లనుసరించిరి. నేఁటికిని దాని నారాధించువారు దేశదేశములఁ గలరు. కెమెరా పట్టిన నాగరికులే క్రూరులని ఆ చిత్రము బోధించునని వారందురు. నిజమే, ఆ నింద తీసినవారికిని దగులును.

కావున మన పిల్లలు అట్టి చిత్రములను మెచ్చినచోఁ గోపింపకుఁడు. ఇందు నటన యేది, వధ యేది యని మాత్ర మడుగుఁడు. సెలవు.