నడుముకూ ఇంక్రిమెంట్లే
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నేను వైద్యుణ్ణి కాను. ముప్పై నాలుగేళ్లు కుర్చీలో కూర్చుని లెడ్జర్లు రాసినవాణ్ణి. నడుము నొప్పి పడి లేచిన అనుభవం ఒక్కటే నా అర్హత.

రెండేళ్ల క్రితం డాక్టరుగారు షుగరు వచ్చే సూచనలున్నాయి, వ్యాయామం మొదలుపెట్టమన్నారు. మర్నాడే తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి పన్నెండు సూర్యనమస్కారాలు, ఇరవైసార్లు వంగి కాలివేళ్లు ముట్టుకోవడం, ఆపైన గంట నడక. కాలేజీలో ఎన్.సి.సి. చేసిన ఒళ్లే కదా అన్న ధీమా. నాలుగో రోజు చెప్పులు తొడుక్కోబోయి వంగినవాణ్ణి, వంగినట్టే ఉండిపోయాను.

తరువాత చేసింది రెండో పొరపాటు. భయపడి పది రోజులు మంచం పట్టాను. మోకాళ్ల నొప్పులతో బాధపడే నా భార్యే కాఫీ, అన్నం మంచం దగ్గరికి మోసింది. ఒక రాత్రి నన్ను బాత్రూముకు నడిపిస్తూ తాను తూలి గోడ పట్టుకుంది. "మీరు పడినా, నేను పడినా లేపేదెవరండీ?" అంది. పిల్లలు దూరాన ఉన్న మన ఇళ్లన్నిటిలోనూ ఉన్న ప్రశ్నే అది.

మర్నాడు ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లాం. మా అమ్మాయి వయసుంటుంది. కాళ్ల బలం, స్పర్శ అన్నీ పరీక్షించి, "భయపడవలసిన లక్షణాలేవీ లేవు బాబాయిగారూ. అలవాటు లేని కండరాలపై ఒకేసారి భారం వేశారు. ఇక మంచం దిగండి" అంది. "సర్వీసులో మీకు ఇంక్రిమెంట్లు ఎలా వచ్చేవి?" అని అడిగింది. ఏడాదికొకటి అన్నాను. "వ్యాయామమూ అంతే. చేరిన రోజే ఆఖరి జీతం అడిగితే ఎలా?" అంది.

రాత్రి పడుకున్నప్పుడు వెన్నుపూసల మధ్య డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయట. అందుచేత లేచిన మొదటి గంటలో ముందుకు వంగే వ్యాయామాలు వద్దంది. మొదటి వారం పూటకు పది నిమిషాల నడక. చాప మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, పిరుదులు కొద్దిగా ఎత్తి దించడం అయిదుసార్లు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం అయిదుసార్లు. తరువాత వారానికి రెండు మూడు నిమిషాలే పెంపు. కాస్త నొప్పి ఉన్నా మర్నాటికి సర్దుకుంటే కొనసాగించాలి. మర్నాడు పెరిగితే సగానికి తగ్గించాలి గాని మానేయకూడదు.

ఇది నా ఒక్కడి అనుభవం కాదు. నడుము నొప్పి వచ్చి తగ్గిన 701 మందిపై ఆస్ట్రేలియాలో జరిపిన పరిశోధన 2024లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. సలహా తీసుకుని క్రమంగా నడక పెంచినవారిలో నొప్పి తిరగబెట్టడానికి మధ్యస్థంగా 208 రోజులు పడితే, ఆ శిక్షణ లేనివారిలో 112 రోజులే పట్టింది. ఇక నడుము బెల్టుల సంగతి. దీర్ఘకాలపు నొప్పికి వాటిని మామూలుగా వాడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో సూచించింది. నేను కొన్న బెల్టు అటక మీద ఉంది.

ఒక హెచ్చరిక మాత్రం మరవకండి. కాలు మొద్దుబారి బలం తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మలమూత్రాలు అదుపు తప్పినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరంతో వచ్చిన నొప్పినీ, కారణం లేకుండా బరువు తగ్గుతూ వచ్చిన నొప్పినీ డాక్టరుకు చూపించాలి. కింద పడ్డాక వచ్చిన నొప్పినీ అశ్రద్ధ చేయకూడదు. మన వయసులో ఎముకలు గుల్లబారి, చిన్న దెబ్బకే విరగవచ్చు. నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి, మూత్రపిండాలకు ముప్పు.

నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. అప్పుడప్పుడు పలకరిస్తుంది. ఆ రోజు నడక తగ్గిస్తాను, మంచం మాత్రం ఎక్కను. ఇప్పుడు సాయంత్రాలు ఇద్దరం అరగంట నడుస్తున్నాం. కుర్చీ వ్యాయామం ఆవిడా చేస్తోంది, మొన్నటికి పదిసార్లు అయింది. ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసిన వాళ్లం మనం. అది ఇవ్వడానికి మన కాళ్ల మీద మనమే నడిచి వెళ్లే భాగ్యం అందరికీ కలగాలని కోరుకుంటున్నాను.