మళ్ళీ చూద్దాం: సైన్‌ఫెల్డ్, 'ద చైనీస్ రెస్టారెంట్'

పాత సిట్‌కామ్‌లు ఒక్కో ఎపిసోడ్ మళ్ళీ చూసి మాట్లాడుకుంటున్నాం కదా, ఈ వారం సైన్‌ఫెల్డ్ రెండో సీజన్ నుంచి 'ద చైనీస్ రెస్టారెంట్'. 1991 మే 23న ఎన్‌బీసీలో వచ్చింది. చూడనివాళ్ళుంటే చూసి రండి, ముగింపు చెప్పేస్తాను.

కథ చాలా చిన్నది. జెర్రీ, జార్జ్, ఎలైన్ సినిమాకి వెళ్ళేముందు భోంచేద్దామని వస్తారు. టేబుల్ ఖాళీ లేదు. ముందర పుస్తకం పెట్టుకుని నిలబడ్డ మేనేజరు "ఐదు, పది నిమిషాలు" అంటాడు. అంతే, ఎపిసోడ్ అంతా అక్కడే. క్రేమర్ లేడు, ఇంకో సెట్టు లేదు. మనం చూసే ఇరవై చిల్లర నిమిషాలే వాళ్ళు కాచుకున్న సమయం కూడా.

ఇందులో కథేదీ అని ఎన్‌బీసీ వాళ్ళకి అప్పట్లో పెద్ద అనుమానం. మారిస్తే షో వదిలేస్తానని లారీ డేవిడ్ పట్టుబట్టాడు. నిజానికి కథలు మూడున్నాయి. ఎలైన్‌కి ఆకలి. జార్జ్ తన గర్ల్‌ఫ్రెండ్‌కి అర్జెంటుగా ఫోన్ చెయ్యాలి, ఉన్న ఒక్క పే ఫోన్ దగ్గర ఎవరో ఒకరు ఉంటారు. జెర్రీ ఒంట్లో బాలేదని బాబాయికి అబద్ధం చెప్పి వచ్చాడు, ఆ బాబాయి ఆఫీసులో పనిచేసే ఆవిడే ఇక్కడ ఎదురవుతుంది. ఇప్పుడు అందరి జేబులో ఫోను ఉంది కాబట్టి జార్జ్ కథ నడవదు. ఆకలి, అబద్ధం ఎప్పుడైనా నడుస్తాయి.

అన్నిటికన్నా నాకు నచ్చింది ఎగ్ రోల్ సీను. పక్క టేబుల్ మీద ఎగ్ రోల్ తీసుకుని తినేస్తే యాభై డాలర్లిస్తానని జెర్రీ పందెం. ఎలైన్ వెళ్ళి, నవ్వు మొహంతో, పళ్ళు బిగబట్టి, అందులో సగం మీకిస్తాను అని ఆ పెద్దవాళ్ళతో గొణుగుతుంది. వాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు! జూలియా లూయీ డ్రైఫస్ మొహం మాత్రం చూడండి. ఆకలి, సిగ్గు, బేరం, మూడూ ఒకేసారి కనిపిస్తాయి.

ఈసారి నా కళ్ళు ఎక్కువగా ఆ మేనేజరు మీదే ఉన్నాయి. వేసింది జేమ్స్ హాంగ్. ఆయన పుట్టింది మినియాపొలిస్‌లో, 1929లో. అంటే ఆ యాస పాత్ర కోసం పెట్టింది. జార్జ్‌కి ఫోన్ వస్తుంది. ఈయన "కార్ట్‌రైట్! కార్ట్‌రైట్!" అని పిలుస్తాడు. కోస్టాంజా కాస్తా కార్ట్‌రైట్ అయింది, జార్జ్‌కి తెలియలేదు, ఫోన్ పోయింది.

యాస మీద వేసిన జోకా ఇది? కొంత అవును. కానీ ఇక్కడ న్యూజెర్సీలో కాఫీ కప్పు మీద నా పేరు వారానికో రకంగా రాయించుకునే నాకు, ఇది ఇంకోలా కూడా తగులుతుంది. మన వేంకటేశ్వర్లు 'వెన్' అయిపోతాడు, శ్రీలక్ష్మి 'శ్రీ' దగ్గరే ఆగిపోతుంది. మామూలుగా పేరు పోగొట్టుకునేది మనం. ఈ ఎపిసోడ్‌లో ఆ అనుభవం న్యూయార్క్‌లో పుట్టి పెరిగిన జార్జ్‌కి ఎదురవుతుంది. ఎవరిని ఎప్పుడు కూర్చోబెట్టాలో ఉన్న పుస్తకం మాత్రం యాస ఉన్నాయన దగ్గరుంది. వీళ్ళు బతిమాలతారు, విసుక్కుంటారు, చేతిలో ఇరవై డాలర్లు పెడతారు. ఆయన గొంతు పెంచడు, పగబట్టడు. అదే "ఐదు, పది నిమిషాలు". ఆయన విలన్ అయ్యుంటే మనకి కోపం వచ్చేది, నవ్వు రాదు. ఆ ప్రశాంతత మీదే ఎపిసోడ్ మొత్తం నిలబడింది.

చివరికి ముగ్గురూ విసిగిపోయి వెళ్ళిపోతారు. వాళ్ళిలా బయటికి వెళ్ళగానే ఆయన "సైన్‌ఫెల్డ్!" అని పిలుస్తాడు. ఆ పేరు మాత్రం సరిగ్గానే పలికాడు, చూశారా?

పదికి తొమ్మిది ఇస్తాను. బాబాయి గొడవంతా మాటల్లోనే చెప్పేశారు, మిగతా రెండు కథల్లా కళ్ళముందు జరగదు, అందుకని ఒకటి తగ్గించా. మీరెన్ని ఇస్తారో, మీ పేరుని ఎవరెలా పిలిచారో రాయండి. వచ్చే వారం ఇదే కోవలో 'ద పార్కింగ్ గరాజ్', మూడో సీజన్. ఉంటానండి.