ఖబరస్తాన్‌లో ఫోన్ కెమెరా

(తిరుపతిలో జరిగిన ముస్లిం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ముందుగా నా తప్పు చెప్పుకుంటాను. నాలుగేళ్ళ క్రితం చిత్తూరు జిల్లాలోని ఒక పల్లెలో ఖబరస్తాన్ హద్దురాళ్ళను ఫోన్‌తో ఫోటోలు తీశాను. వాట్సాప్‌లో జమాఅత్ పెద్దలకు పంపి, ఫోన్ నిండిపోయిందని అసలు ఫోటోలను తుడిచివేశాను. తరువాత ఒక రాయి మాయమైంది. కార్యాలయానికి వెళితే, ఈ ఫోటో ఎప్పటిది, ఎక్కడిది అని అడిగారు. వాట్సాప్ ప్రతిలో ఆ వివరాలు లేవు. రాతి మీది అక్షరాలు సైతం మసకబారాయి. జీవితమంతా ఫైళ్ళ మధ్య గడిపిన గుమాస్తాను, అసలు పారేసి నకలు దాచుకున్నాను!

2025 జూన్ 6న ప్రారంభమైన ఉమీద్ పోర్టల్‌లో వక్ఫ్ ఆస్తుల కొలతలు, భౌగోళిక స్థానం నమోదు చేయవలసి వచ్చింది. వక్ఫ్ సవరణ చట్టంపై మన అభ్యంతరాలు మనకున్నాయి. వాటి కోసం పోరాడుతూనే మన ఆధారాలను మనం భద్రపరచుకోవాలి. అందుకు ఖరీదైన కెమెరా అక్కరలేదు.

హైదర్ అలీ 1782 డిసెంబరు 7న చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట వద్ద మరణించారు. ఆ సంగతి చరిత్ర గ్రంథాలలో ఉంది. మన ముత్తాతల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు, రాతి మీద మాత్రమే ఉన్నాయి.

ఆ రాతిని చదివించే పద్ధతి చెబుతాను. మన సమాధులు ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి కనుక, తలవైపు రాయి ముఖం సాధారణంగా ఉత్తరానికో దక్షిణానికో ఉంటుంది. పొద్దున్నే తూర్పు ఎండ దాని మీద ఏటవాలుగా పడుతుంది. అరిగిన అక్షరాల గాడిలో నీడ నిలుస్తుంది. మధ్యాహ్నం ఎంత ప్రయత్నించినా కనిపించని పేరు అప్పుడు బయటపడుతుంది. ఎండ లేకపోతే ఫ్లాష్ ఆపి, ఒకరు పక్కనుండి టార్చి పట్టాలి. రాతి మీద సుద్ద, నూనె పూయవద్దు. జూమ్ చేయకుండా దగ్గరకు నడవండి. పక్కన ఒక స్కేలు పెట్టండి. మొదట ఆవరణ అంతా, ఆపై రాయి, చివరకు అక్షరాలు తీయండి. కెమెరా సెట్టింగులలో లొకేషన్ తెరిచి ఉంచండి. అందంగా మార్చే ఫిల్టర్ల జోలికి పోవద్దు. లేని గీతను యంత్రం గీస్తే అది సాక్ష్యం కాదు.

తస్వీర్ల విషయంలో కొందరు పెద్దలకు సంకోచం ఉందని ఎరుగుదును. మనం తీస్తున్నది రాయిని, గోడను.

2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలి. అందులో ఫైలు హ్యాష్ విలువ రాయాలి. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ విలువ మారిపోతుంది. కనుక అసలు ఫైలును ముట్టుకోకుండా రెండు చోట్ల దాచండి. వాట్సాప్‌లో పంపవలసివస్తే డాక్యుమెంటుగా పంపండి. ఒక్క మాట: ఫోటో పట్టా కాదు. అడంగల్, సర్వే పటం, గెజిట్ ప్రతి పక్కన ఉంటేనే దానికి బలం.

రేపు ఫజర్ నమాజు తరువాత ఖబరస్తాన్‌కు బయలుదేరుతున్నాము. ఫోన్‌తో పాటు స్కేలు, కెమెరా అద్దం తుడవడానికి మెత్తని పొడిగుడ్డ తెచ్చుకోండి.