భవనం చుట్టూ ఉన్నదీ భవనమే



కొత్త భవనాన్ని ఫొటో తీయాలంటే మనం ముందు ఏం చేస్తాం? అడ్డంగా ఉన్న సైకిళ్లు తీయిస్తాం. మనుషుల్ని పక్కకు జరగమంటాం. నెదర్లాండ్స్ ఫొటోగ్రాఫర్ ఇవాన్ బాన్ అలా చేయరు. పేరున్న కట్టడాలెన్నో తీశారాయన. వాటిలో మనుషులుంటారు, చుట్టూ ఊరు ఉంటుంది.

అదెందుకు ముఖ్యమో ఒక బడిని చూస్తే తెలుస్తుంది. ఆఫ్రికాలో బుర్కినా ఫాసో అనే దేశం. అందులో గాండో అనే పల్లె. ఆ ఊళ్లోనే పుట్టిన ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరే అక్కడ బడి కట్టించారు. 2001లో పూర్తయింది. గోడలు మట్టి ఇటుకలవి. గదుల పైకప్పూ ఇటుకలదే. దానిమీద, కాస్త ఎత్తున, ఇనుప చట్రంపై రేకు. రెండింటి మధ్యా ఖాళీ. వేడిగాలి ఆ ఖాళీలోంచి బయటికి పోతుంది. పనిలో ఊరంతా చెయ్యి వేసింది. పునాదికి పిల్లలు కూడా రాళ్లు తెచ్చారు.

ఇప్పుడు చెప్పండి. మండే ఎండ, ఎర్రమట్టి, నీడన చేరిన పిల్లలు, ఇవేవీ లేకుండా గోడలొక్కటే తీస్తే? ఆ రేకు అంత ఎత్తున ఎందుకుందో చూసేవాళ్లకు అర్థం కాదు. చుట్టూ ఉన్నది కనిపిస్తేనే కట్టడం అర్థమవుతుంది.

మీ ఊళ్లోనూ కొత్త బడో, గ్రంథాలయమో వచ్చే ఉంటుంది. బడి విడిచే వేళకు వెళ్లండి. ముందు దూరం నుంచి, చెట్టూ దారీ కలిపి తీయండి. తర్వాత దగ్గరికి రండి. మనుషుల్ని తప్పుకోమనకండి. తీసేముందు మాత్రం వాళ్లను అడగండి.