మొదటి రోడ్డు సైకిలు
(సంఘ వార్షికోత్సవమున మలంచాలో చేసిన ప్రసంగ పాఠము)



సాహిత్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నాకు వ్రాసిరి. నేను బి.ఏ.లో చదువుకొన్న సాహిత్యము ఈ సభలోని పెద్దలకు నాకన్న బాగుగా తెలియును. ఈ మధ్య మా బంధువుల యింట నిజముగా తగవు పెట్టిన విషయము వేరొకటి కలదు. అది సైకిలు. ఆయన అనుమతితోనే విషయమును మార్చుకొంటిని.

నా మేనల్లుడు ఇక్కడి రైల్వే కార్ఖానాలో అప్రెంటిసు. చేతికి వచ్చు కొద్ది స్టైపెండులో నెలనెల కొంత మిగిల్చి, పదునాలుగు నెలలకు 18,000 రూపాయలు కూడబెట్టెను. ఒకనాటి రాత్రి భోజనమువేళ “రోడ్ బైకు కొంటాను” అని ప్రకటించెను. మా అక్క చేతిలోని గరిటె చేతిలోనే ఉండిపోయినదట. మన యిండ్లలో బైకనగా మోటారు సైకిలే కదా! ఆమె వెంటనే ఢిల్లీలోనున్న నాకు ఫోను చేసి, “తమ్ముడూ, వీడు హైవే మీద పడి ఏమైపోతాడో, నువ్వయినా చెప్పరా” అని కన్నీరు పెట్టుకొనెను. అది కాలితో త్రొక్కు సైకిలేనని తెలిసిన పిమ్మట భయము సగము తగ్గినది. కాని “సైకిలుకి పద్దెనిమిది వేలా?” అను కోపము వచ్చి ఆ ఖాళీలో కూర్చున్నది.

ఆమె కోపమునకు కారణము లేకపోలేదు. మా నాయనగారి సైకిలు ఇప్పటికిని వారి వరండాలోనే ఉన్నది. అది ఆసనసోలులోని సేన్-ర్యాలీ కర్మాగారమున తయారైనది. ఆ కర్మాగారము తరువాత ప్రభుత్వాధీనమై, కడకు మూతబడినది. సైకిలు మాత్రము నిలిచినది. నాయనగారు దానిని సైకిలు అడ్వాన్సుతో కొని, బాకీని జీతములోనుండి వాయిదాలుగా తీర్చిరి. చిరుద్యోగులకు ఆ అడ్వాన్సు ఎంత ఆసరాయో ఈ సభలో తలలు నెరసినవారికి చెప్పనక్కరలేదు. ఏడవ వేతన సంఘపు సిఫారసుల పిమ్మట 2016లో అది రద్దయినది. ఇప్పుడు సైకిలు కొనువాడు తన చేతి డబ్బుతోనే కొనవలెను. అందుచేత పొరపాటు జరిగినచో నష్టమంతయు వానిదే.

ఆ పొరపాటు నేను చేసితిని గనుకనే నాకీ విషయమున మాటలాడుటకు కొంత అధికారము కలదని భావించుచున్నాను. నలుబది దాటిన తరువాత ఫైళ్ళ మధ్య పెరిగిన నడుమును చూచి డాక్టరు హెచ్చరింపగా, ఒక దుకాణమునకు పోయి, తగ్గింపు ధరకు వచ్చుచున్నదని ఒక రోడ్డు సైకిలు కొంటిని. అది నా కొలతకన్న రెండు సైజులు పెద్దది. “సీటు దించుకుంటే సరిపోతుంది సార్” అని దుకాణదారు సెలవిచ్చెను. సీటు దిగినది గాని హాండిలు దగ్గరకు రాలేదు. అర గంట త్రొక్కునప్పటికి మెడ బిగిసి, అరచేతులు తిమ్మిరెక్కెడివి. ఎనిమిది నెలలలో దానిపై నేను వెళ్ళిన దూరముకన్న మా మెట్లక్రింద అది నిలిచిన కాలమే ఎక్కువ. కొన్న ధరలో సగమైన రాకుండ అమ్మివేసితిని. నాకు పోయినది ఒక నెల మిగులు. మేనల్లునికైనచో పదునాలుగు నెలల మిగులు పోవును. ఈ ఆలోచనతోనే సెలవు పెట్టి ఖరగ్‌పూరు వచ్చితిని.

మొదట వానిని అడిగిన ప్రశ్న ఇది: “నాయనా, నువ్వు ఎక్కడికి పోవాలి?” ఇంటినుండి కార్ఖానాకును, గోల్‌బజారునకు కూరలకును పోవుటకైనచో నల్లని పాత తరహా సైకిలును మించినది లేదు. అది ఇరువది కిలోల బరువుండును. వెనుక బియ్యపు బస్తా పెట్టినను కిక్కురుమనదు. ధర ఇందులో సగమైన ఉండదు. మా అక్క పక్షమున ఇంతవరకు తీర్పు చెప్పవచ్చును. కాని కుర్రవాడు, “ఆదివారం తెల్లవారుజామున మిత్రులతో కంసావతి దాటి మిడ్నపూరు వెళ్ళి రావాలి, తరువాత ఇంకా దూరం పోవాలి, మావయ్యా” అనెను. ముప్పది, నలుబది కిలోమీటర్లు ఒక్క ఊపున పోదలచినవానికి తేలిక సైకిలు, ముందుకు వంగు ఆసనము, సన్నని టైర్లు సుఖమునిచ్చును. వాని కోరిక విలాసము కాదని నాకు తోచినది. ఇచట ఒక మాట: వంపు హాండిలుపై మోజు లేనివారికి, అవే పెద్ద చక్రములతో తిన్నని హాండిలుగల హైబ్రిడ్ సైకిలు అదే వెలకు సాధారణముగా మెరుగైన సరకుతో వచ్చును. మా వానికి మోజున్నది. ఇరువది యేండ్ల వయసులో అదికూడ లెక్కలోనిదే.

ఇక ఎన్నిక. డబ్బు తక్కువైనప్పుడు ముందుగా చూడవలసినది పేరు కాదు, గేర్ల సంఖ్య కాదు, కొలత. దానికి పైసా ఖర్చు లేదు. అది తప్పినచో ఏ ఖర్చును దానిని సరిదిద్దలేదు. సైకిలు బారుకు ఇరుప్రక్కల కాళ్ళుంచి నేలపై నిలుచున్నప్పుడు బారుకును శరీరమునకును నడుమ ఒకటి రెండంగుళముల సందుండవలెను. సీటుపై కూర్చుండి మడమను పెడలుపైనుంచి అట్టడుగునకు త్రొక్కినప్పుడు కాలు తిన్నగా చాగవలెను. అప్పుడు ముంగాలితో త్రొక్కునెడల మోకాలు కొంచెము వంగి, సరియైన ఎత్తులో నుండును. చేతులు హాండిలును పట్టినప్పుడు మోచేతులు బిగదీసికొనక కొంచెము మడిచియుండవలెను. దుకాణము ముందు పదినిముషములు త్రొక్కి చూడనీయని వర్తకునకు నమస్కారము పెట్టి వచ్చివేయుటయే మేలు.

కొలత తరువాతిది టైరు. ఇది మన ఊరి రోడ్డును చూచి తేల్చవలసిన విషయము. రోడ్డు సైకిళ్ళకు అలవాటుగా 25 మిల్లీమీటర్ల టైర్లుండును. వానిలో గాలి 80 నుండి 100 పౌండ్ల వరకు కొట్టవలెను. అద్దమువంటి రోడ్డుపై అవి అందముగా పరుగెత్తును. కాని ఇచటి ఎర్రమట్టి గోతులు, వర్షకాలము తరువాత తేలు కంకర, వీధికొక స్పీడ్ బ్రేకరు మనకు తెలియనివి కావు. 32 మిల్లీమీటర్ల టైరు తక్కువ గాలితో నడచి, గుంతల దెబ్బను తాను మ్రింగి, రిమ్మును, ట్యూబును, నడుమును కాపాడును. కావున కొనబోవు ఫ్రేములోను ముందు ఫోర్కులోను అంత లావు టైరు పట్టునో లేదో చూచుకొనవలెను. చక్రమును మార్చవచ్చును గాని ఫ్రేములో లేని సందును సృష్టింపలేము. రైల్వే ఊరివారము గనుక మరొకటి: లెవెల్ క్రాసింగు వద్ద రైలు పట్టాలను ఎప్పుడును అడ్డముగా, తిన్నగా దాటవలెను. ఏటవాలుగా పోయినచో సన్నని టైరు పట్టా ప్రక్కనున్న గాడిలో దిగి మనిషిని పడవేయును. వాననాడు తడిసిన ఇనుముపై ఇంకను ప్రమాదము.

ఫ్రేము ఇనుముదా, అల్యూమినియముదా అని కుర్రకారు గంటలకొలది వాదించుకొందురు. అల్యూమినియము తేలిక, త్రుప్పు పట్టదు. ఉక్కు బరువు, కాని ఎక్కడైన అతుకు ఊడినచో నేర్పుగల వెల్డరు మరల అతికింపగలడు. ఈ వెలలో రెండును సమ్మతమే. ముందు ఫోర్కున స్ప్రింగులుంచి అమ్మువానిని మాత్రము దూరముగా నుంచవలెను. కిలో రెండు కిలోల బరువు తప్ప ఆ ధరలో వానివలన ఫలము స్వల్పము. చౌక డిస్కు బ్రేకుల సంగతియు దాదాపు అంతే. రిమ్మును పట్టు మామూలు బ్రేకులకు రబ్బరు కట్టలు మలంచాలో ఏ సైకిలు షాపులోనైనను దొరకును. ఇరువదియొక్క గేర్లని గొప్ప చెప్పుదురు గాని, మన చుట్టుపట్ల కొండలెక్కడ? ఏడు చాలును.

సైకిలుతోబాటు దానిని బాగుచేయు మనిషినికూడ ఎన్నుకొనవలెను. కొన్ని రోడ్డు సైకిళ్ళ ట్యూబులకు సన్నని వాల్వుండును. మన పంక్చరు షాపుల పంపు దానికి పట్టదు. యాబది, వంద రూపాయల ఇత్తడి బిళ్ళ ఒకటి కొని జేబులోనుంచుకొన్నచో చిక్కు తీరును. లేనిచో ఆరు మైళ్ళు సైకిలును నడిపించుకొని రావలెను. నేను నడిపించుకొని వచ్చినవాడను.

డబ్బు సంగతి. 18,000 ఉన్నవాడు 18,000ల సైకిలు కొనరాదు. హెల్మెటు, ముందు వెనుక దీపములు, తాళము, చిన్న పంపు, అదనపు ట్యూబు—వీనికి ముందుగనే మూడువేలకు పైగా తీసి వేరుగా ఉంచవలెను. మా అక్కకు హెల్మెటును దీపములను గూర్చి చెప్పినప్పుడే మొదటిసారి మొగము తేటపడినది. 2025 సెప్టెంబరు 22 నుండి సైకిళ్ళపై జి.యస్.టి. నూటికి 12 నుండి 5కు తగ్గినది. లోగడ పన్నుతో 18,000 అయిన సైకిలుపై అది వేయి రూపాయలకు పైమాట. క్రొత్తది కొనువారు ఆ తగ్గింపు బిల్లులో కనబడుచున్నదో లేదో చూచుకొందురు గాక.

మేము క్రొత్తది కొనలేదు. 1951లో హిజ్లీలో ప్రారంభోత్సవము జరుపుకొన్న ఐ.ఐ.టి. మన ప్రక్కనే ఉండుట ఈ విషయమున మన అదృష్టము. చదువు ముగించి పోవు విద్యార్థులు సైకిళ్ళను మూటగట్టుకొని పోలేరు కదా! ఒక విద్యార్థి వద్ద కొలతకు సరిపడు ఉక్కు ఫ్రేము సైకిలు దొరకినది. దానిని బోర్లించి, అతుకుల వద్ద పగుళ్ళకై చూచితిమి; చక్రములను త్రిప్పి, వంకరయున్నదేమో చూచితిమి. చైనులో ఇరువదినాలుగు లింకులు పండ్రెండంగుళములకు సరిగా రావలెను. అంగుళములో పదునారవ వంతు పెరిగినచో చైను అరిగినట్లు లెక్క. పెడళ్ళ నడిమి భాగము క్రిందనున్న ఫ్రేము నంబరును కొనుగోలు రసీదుతో సరిచూచితిమి. రసీదు లేని సైకిలు ఎంత చౌకయైనను, అది ఎవరి కన్నీటి సొమ్మో ఎవరికెరుక?

లెక్క ఇట్లు తేలినది: సైకిలు 11,500, 32 మిల్లీమీటర్ల టైర్లు రెండు 1,600, బ్రేకు కట్టలు, తీగెలు 500, హెల్మెటు మొదలగునవి 3,200. మొత్తము 16,800. మిగిలిన 1,200 కుర్రవాడు తల్లి చేతిలో పెట్టెను. ఆమె లెక్కించి చూచి, నాయనగారి సైకిలు వైపొకసారి, క్రొత్తదాని వైపొకసారి చూచి, “దీనికి క్యారియర్ ఏదిరా?” అని మాత్రము అడిగెను.

నా సలహా ఒకటి వాడు వినలేదు. మడ్‌గార్డులు వేయించుకొమ్మంటిని. “అవి ఉంటే రోడ్ బైకు లాగ ఉండదు మావయ్యా” అనెను. ఆషాఢము వచ్చినది. మొదటి ఆదివారము మిడ్నపూరు నుండి తిరిగి వచ్చునప్పటికి వాని తెల్లచొక్కా వీపున నడుమునుండి మెడదాక ఎర్రమట్టి చార. మూడు ఆదివారములు మా అక్క ఆ చొక్కాలనుతికినది. నాలుగవ వారము సబ్బు వాని చేతికిచ్చినది. మొన్న నేను వచ్చి చూడగా, సైకిలుకు ముందు వెనుక నల్లని మడ్‌గార్డులు మెరయుచున్నవి. ఎవరు వేయించిరని నేనడుగలేదు.