అద్దెకార్ల వృత్తి – నేటి దురవస్థ
(మహాసభయందు చేసిన ఉపన్యాసము)



నేను బడిపంతులను, వ్యాపారరహస్యము లెఱుగను. అయినను నాయొద్ద చదివిన శిష్యుడొకడు పొలము కుదువబెట్టి కారు కొని, టాక్సీస్టాండున నిలిపి, నేడు వాయిదాలు చెల్లింపలేక నాముందు కన్నీరు పెట్టెను. ఆతని కష్టమే నేటి నా విషయము.

మన దేశమున 2010లో ఓలా పుట్టెను. 2013లో ఊబర్ వచ్చెను. అంతట యాప్‌కంపెనీల వ్యాపారము విస్తరిల్లెను. మూలధనము పెట్టినవారి సొమ్ముతో మొదట ప్రయాణికునకు బాడుగ తగ్గించిరి. డ్రైవరునకు బహుమానము లిచ్చిరి. ఆ ధరకు స్టాండుబండికి గిట్టుబాటు లేకపోయెను. గిరాకి తరలిన పిదప బహుమానములు సన్నగిల్లెను, కమీషను మిగిలెను. బండి డ్రైవరుది, అప్పు డ్రైవరుది, ధర నిర్ణయించుట మాత్రము కంపెనీది! శాస్త్రములయందు దీనినే మాత్స్యన్యాయ మందురు.

ఈ బాధ మనకే పరిమితము గాదు. న్యూయార్కునగరమున పసుపుపచ్చ టాక్సీ నడుపుటకు మెడాలియనను అనుమతిఫలకము వలయును. 2014 నాటికి దాని వెల పదిలక్షల డాలర్లకు చేరెను. అప్పుచేసి కొన్నవారిలో దక్షిణాసియావాసులు పెక్కండ్రు. మితిమీరి అప్పులిచ్చినవారి దోషము కొంత, యాప్‌బండ్ల పోటీ కొంత కలిసి, 2018లో కొన్ని ఫలకములు రెండులక్షలకు దిగువను అమ్ముడుపోయెను. ఆ యేట కొందఱు డ్రైవర్లు ప్రాణములు తీసికొనిరి. 2021లో డ్రైవర్లు ఏకమై నిరాహారదీక్ష బూనగా, ఒక్కొక్క ఫలకముపై అప్పును 1,70,000 డాలర్లకు తగ్గించు నొడంబడిక కుదిరెను. ఏకాకికి దొరకని న్యాయము సంఘమునకు దొరకెను.

ప్రయాణికుని సౌకర్యమును నేను నిందింపను. ధర ముందుగా తెలియుట, బండి వాకిటికి వచ్చుట మేలే. మీటరు వేయక బేరములాడిన మనవారి తప్పును కలదు. కాని శ్రమించువాడు పస్తుండరాదు గదా! సొంతబండి గల డ్రైవరునకు బాడుగలో కనీసము 80 శాతము దక్కవలెనని కేంద్రప్రభుత్వము 2025లో మార్గదర్శకముల నిచ్చెను. కేరళప్రభుత్వము 2022లోనే కేరళ సవారి యను సొంతసేవ నారంభించెను.

కావున నా విన్నపములు మూడు. మన యువకులు లెక్క చూచుకొనక పొలము తాకట్టుపెట్టి కారు కొనరాదు. ఇప్పటికే ఋణగ్రస్తులైనవారికి సంఘనిధినుండి స్వల్పవడ్డీకి అప్పీయవలెను. డ్రైవర్లు ఇతరకులములవారితోను చేయిగలిపి సహకారసంఘముగా నేర్పడవలెను. ఆకలికి కులము లేదు.

పోషకులారా! విద్యార్థివసతిగృహమునకు మీరు చాచిన చేయి ఈ శ్రామికులవైపునకును చాపుడు. నా శిష్యుని పొలము వేలమునకు రాకముందే ఈ సభ యొకమాట చెప్పునని యాశించుచు విరమించుచున్నాను.