పట్టిక అందరికీ వినిపించవలెను
(జొన్నాడలో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



గౌతమీ తీరమున నివసించు మీకు వరద యననేమో నేను చెప్పనక్కరలేదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చినది. 2022 జూలైలో మరల 25 లక్షలు దాటినది. లంకలలోని అరటి, కూరగాయ తోటలు నీట మునిగినవి. వరద తీసిన పిమ్మట పంటనష్టపు లెక్కలు వ్రాయుదురు, జాబితాలు ప్రకటింతురు, అభ్యంతరములకు గడువు పెట్టుదురు. ఆ గడువులో తన పేరు సరిచూచుకొనని రైతు తరువాత ఎంత మొరపెట్టుకొన్నను పని జరుగుట కష్టము.

పూర్వము అడంగలు కరణముగారి వద్ద నుండెడిది. ఆయన లెక్క పైకి చదివినప్పుడు, వినుచున్న రైతు “ఆ నంబరు నాది కాదండీ” యని అక్కడికక్కడే చెప్పగలిగెడివాడు. ఆ పద్ధతిలో లోపములు లేకపోలేదు. కాని చదివినంత మేరకు చదువురానివానికిని, చూపులేనివానికిని చెవియే చాలెడిది. 1984లో కరణపు పదవులు రద్దయినవి. నేడు లెక్కలు వెబ్‌సైట్లలోని పట్టికలకు చేరినవి. 2020 ఏప్రిల్ 24న ప్రారంభమైన ఈ-గ్రామస్వరాజ్‌లో పంచాయతీల ప్రణాళికలను, ఖర్చులను ఎవరైనను చూడవచ్చును. ఇది మేలైన మార్పు. అయితే “చూడవచ్చును” అను మాటకు వెలుపల నిలిచిపోవువారు కొందరున్నారు. 2011 జనాభా లెక్కల ప్రకారము మన దేశమున చూపులోపము గలవారు 50 లక్షలకు పైబడి యున్నారు.

వీరు కంప్యూటరును, ఫోనును వాడలేరని తలంపవలదు. తెరమీది అక్షరములను పైకి చదివి వినిపించు సాధనములు కలవు. వానిని స్క్రీన్ రీడరు లందురు. ఆండ్రాయిడ్ ఫోనులో టాక్‌బ్యాక్ అనునది యిట్టిదే. 2006లో ఆస్ట్రేలియాలో మొదలైన ఎన్‌వీడీఏ కంప్యూటరుకు ఉచితముగా లభించును. ఇవి తెలుగును గూడ చదువును. కాని పట్టికను కట్టినవారు సరిగా కట్టిననే యివి సరిగా చదువగలవు.

ఒక పంటనష్టపు పట్టికను ఊహింపుడు: రైతు పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, పరిహారము. కంటితో చూచువాడు “18,000” అను అంకెను చూచి, పైనున్న శీర్షికను చూచి, అది పరిహారమని గ్రహించును. శీర్షికను శీర్షికగా గుర్తింపక, అక్షరములను లావు చేసి విడిచినచో యంత్రము “పద్దెనిమిది వేలు” అని మాత్రమే పలుకును. అది ఎవరిదో, దేనికో తెలియదు. శీర్షిక గడులకు ‘టీహెచ్’ అను గుర్తు నిచ్చి, అది నిలువు వరుసకు చెందినదో అడ్డు వరుసకు చెందినదో ‘స్కోప్’ అను గుర్తుతో తెలిపినచో, రైతు పేరు, పరిహారము అను మాటలు అంకెతోబాటు వినబడును. అప్పుడు యంత్రము మంచి లెక్కగాడు చదివినట్లే చదువును.

ఇంక వరుస మార్చుట యున్నది. శీర్షికను నొక్కగనే పేర్లు అకారాది క్రమమునకో, పరిహారములు ఎక్కువ తక్కువల క్రమమునకో మారును. వేయి పేర్లలో తన పేరు వెదకుటకు ఇది మిక్కిలి ఉపయోగము. కాని పెక్కు పట్టికలలో శీర్షిక మౌసుకే లోబడును. వరుస మారినదని తెలుపునది చిన్న బాణపు గుర్తొక్కటియే. చూపులేనివానికి ఆ బాణము లేనట్లే. ఇందుకు ఉపాయము సులభము. శీర్షికలో నిజమైన బటను నుంచవలెను. అప్పుడది కీబోర్డుకును లోబడును. ఏ వరుస ఏ క్రమమున నున్నదో ‘ఏరియా-సార్ట్’ అను గుర్తుతో తెలుపవలెను.

లెక్కలను నింపుటలో గూడ జాగ్రత్త వలయును. అంకెలను అక్షరములుగా నింపినచో 9 వేలు 10 వేలకంటె పెద్దదిగా వచ్చి చేరును. తెలుగు పేర్లను యూనికోడులో గాక పాత అచ్చు ఫాంటులలో నింపినచో అకారాది క్రమము తప్పును, యంత్రము అర్థములేని అక్షరములను పలుకును. కాగితపు జాబితాను ఫొటో తీసి పెట్టినచో వరుస మార్చుటయు లేదు, వినుటయు లేదు.

“మా ఊరిలో చూపులేనివారు ఒకరిద్దరే కదా, కొడుకులు చదివి పెట్టుదురు” అని కొందరనవచ్చును. డబ్బు లెక్క తానై తెలిసికొనుట ఒక మర్యాద. మరియొకరి నోట వినుట వేరు. శుక్లములు కమ్మిన పెద్దలును, చదువురాక విని తెలిసికొనువారును ఈ సౌకర్యమువలననే బాగుపడుదురు.

చట్టము గూడ ఈ పక్షముననే కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము లెక్కలను అడుగకయే ప్రకటింపుమన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచారము వారికి అందుబాటులో నుండవలెనన్నది. 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు, రాజీవ్ రాతూరి వ్యాజ్యములో, అందుబాటు ప్రమాణములు కేవలము సలహాలుగా నుండిన చాలదనియు, తప్పనిసరి కావలెననియు తీర్పు చెప్పినది.

సభ్యులారా, పట్టికలను కట్టుట మీ పని కాదు. పరీక్షించుట మీ చేతిలోని పని. ఈ మారు జాబితా వెలువడగనే మౌసును ప్రక్కన బెట్టి, టాబ్, ఎంటర్ మీటలతోనే మీ ఊరి పేర్లను వెదకి చూడుడు. ఫోనులో టాక్‌బ్యాక్ పెట్టి, కన్నులు మూసికొని, ఒక రైతు పరిహారమెంతో విని చెప్పుడు. చెప్పలేకపోయినచో ఆ లోపమును గడువు ముగియకముందే సంబంధిత శాఖకు వ్రాయుడు. పంచాయతీ స్వయముగా పెట్టు జాబితాలను ఫొటోలుగా గాక యూనికోడు పట్టికలుగా పెట్టుడు. వెబ్‌సైటు బాగుపడు వరకు గ్రామసభలో జాబితాను పేరు పేరునా చదివి వినిపింపుడు.

గౌతమికి మరల వరద వచ్చును, మరల జాబితాలు వెలువడును. ఆనాడు ఈ గ్రామమున చూపులేని రైతొకడు ఫోనును చెవివద్ద నుంచుకొని, “నా విస్తీర్ణము తప్పు పడినది, సరిచేయుడు” అని గడువులోపల తానే చెప్పుకొనగలిగిననాడు మన పని నెరవేరినట్లు.